ఖాళీ ప్లాటు ముందు మూడడుగుల కంచె

(కాలనీ సంక్షేమ సంఘాల వారి కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చలేదు. చివర్లో వచ్చిన ప్రశ్నలు కూడా ఉంచాం.)

నమస్కారమండీ. మీ కాలనీలో చెత్త ఎక్కడ పడుతుందని అడిగితే ఎవరూ ఆలోచించక్కర్లేదు. రెండిళ్ల మధ్య ఒక ఖాళీ ప్లాటు ఉంటుంది. పక్కాయన ఇల్లు కడుతూ మిగిలిన కంకర పోస్తాడు. ఆ తర్వాత పగిలిన టైల్స్, సిమెంటు పెళ్లలు వస్తాయి. రెండు వానలు పడితే వయ్యారిభామ అనే కలుపు మొక్క నడుమెత్తు లేస్తుంది. అప్పుడిక రాత్రిళ్లు బండి ఆపకుండానే కవరు విసిరి పోతారు. సీసాలు చేరతాయి. ఏడాది తిరిగేసరికి ఆ ప్లాటు చుట్టూ ఉన్న పదిళ్లలో కిటికీలు తెరవరు, పిల్లల్ని అటు పంపరు. వీధి పాడవడం అక్కణ్ణుంచే మొదలు.

ఇవాళ ఆ ప్లాటు గురించీ, దాని ముందు రోడ్డు పక్క వేసే చెట్ల గురించీ మాత్రమే మాట్లాడతాను. పార్కుల జోలికి పోను. పార్కు అనగానే గేటు, ప్రారంభోత్సవం, శిలాఫలకం అన్నీ వచ్చేస్తాయి, మొక్క మాత్రం ఆఖర్న వస్తుంది.

ఈ పని మీద గట్టి లెక్కలున్న ఊరు ఒకటుంది, అమెరికాలోని ఫిలడెల్ఫియా. ఒకప్పుడు ఫ్యాక్టరీల ఊరు. అవి మూతబడ్డాయి, జనం వెళ్లిపోయారు, పాడుబడ్డ ఇళ్లు కూల్చేశారు. దాదాపు 40 వేల ఖాళీ జాగాలు మిగిలాయి. అక్కడ పెన్సిల్వేనియా హార్టికల్చరల్ సొసైటీ అని 1827 నుంచి ఉన్న తోటల సంఘం ఉంది. 1990లలో న్యూ కెన్సింగ్టన్ అనే పేటలో అక్కడి స్థానిక సంఘంతో కలిసి ఈ జాగాలను బాగుచేయడం మొదలుపెట్టింది. తర్వాత నగరపాలక సంస్థ డబ్బు పెట్టడంతో అది ల్యాండ్‌కేర్ అనే పెద్ద కార్యక్రమమైంది.

చేసింది చాలా చిన్న పని. చెత్త ఎత్తేశారు. నేల చదును చేశారు, కొత్త మట్టి పోసి గడ్డి విత్తారు, నాలుగు చెట్లు పెట్టారు. రోడ్డు వైపు నడుము కంటే ఎత్తు లేని కర్ర కంచె వేసి, మనుషులు లోపలికి నడిచి వెళ్లేలా సందు వదిలారు. అంతే. బెంచీలు లేవు, ఫౌంటెన్ లేదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 541 జాగాలను తీసుకుని, లాటరీ వేసినట్టు మూడు గుంపులుగా విడగొట్టారు. ఒక గుంపుకు ఇప్పుడు చెప్పిన పనంతా చేశారు. రెండో గుంపులో చెత్త ఎత్తడం, వీలైన చోట గడ్డి కోయడం మాత్రమే చేశారు. మూడోదాన్ని ముట్టుకోలేదు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. పచ్చగా చేసిన జాగాల దగ్గర ఉండేవాళ్లలో దిగులుగా ఉందని చెప్పినవారు, ముట్టని జాగాల దగ్గరివాళ్లతో పోలిస్తే 41.5 శాతం తగ్గారు. పేదరికం ఎక్కువున్న పేటల్లో, బాగుచేసిన జాగాల చుట్టుపక్కల తుపాకి హింస 29 శాతం తగ్గింది.

నాకు ముఖ్యమనిపించేది రెండో గుంపు. చెత్త ఎత్తడంతో సరిపెట్టిన చోట, ఇరుగుపొరుగు వాళ్ల మనసులో చెప్పుకోదగ్గ మార్పేమీ తేలలేదు. మన దగ్గర జరిగేదంతా ఆ రెండో గుంపు పనే కదా? స్వచ్ఛతా కార్యక్రమం అంటారు, జేసీబీ వస్తుంది, రెండు గంటల్లో ప్లాటు గీకేస్తుంది, ఫొటో దిగుతారు. నెల తిరక్కుండా మళ్లీ కవర్లు. గీకిన నేలను చూస్తే ఎవరికీ ‘ఇది ఒకరు చూసుకుంటున్న జాగా’ అనిపించదు. కత్తిరించిన గడ్డి, వరసగా ఉన్న కంచె చూస్తే అనిపిస్తుంది. చెత్త వేసే చెయ్యి ఆగేది అక్కడే.

ఖర్చు కూడా వాళ్లు రాశారు. ఒక్కో జాగాకు మొదట సుమారు 1,600 డాలర్లు, ఆ తర్వాత ఏటా 180 డాలర్లు. మనవాళ్లకు 1,600 కనిపిస్తుంది గానీ 180 కనిపించదు. చందా వసూలు చేసేది మొదటిదాని కోసమే. రెండోదాని కోసం చందా అడిగిన సంఘాలు తక్కువ. అక్కడ ఆ 180తోనే పేటలో ఉండే మనుషులకు, చిన్న కాంట్రాక్టర్లకు గడ్డి కోసే పని ఇచ్చారు. శ్రమదానం మొదలుపెట్టడానికి బాగుంటుంది. మూడో ఏడాది ఏప్రిల్లో మధ్యాహ్నం పైపు పట్టుకునేది మాత్రం కూలి ఇస్తే వచ్చే మనిషే.

సరే, మన ప్లాటుకు వద్దాం. పార కంటే ముందు కాగితం కావాలి. ఆ ప్లాటు ఎవరిదో ఒకరిది. ఆయన ఎందుకు ఒప్పుకోడో ముందు తెలుసుకోండి. పచ్చదనం మీద ఆయనకు కోపం లేదు. ఆయన భయాలు రెండు. ఒకటి, మీరు అక్కడ పాతుకుపోతారని. ఇవాళ మొక్క, రేపు గద్దె, ఎల్లుండి రేకుల షెడ్డు, ఆ తర్వాత బోర్డు. రెండోది చెట్టు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. రేపు ఇల్లు కట్టుకునే వేళ ప్లాటు మధ్యలో ఒక వేపచెట్టు ఉంటే ఆయన ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కాబట్టి ఈ రెండు భయాలూ కాగితం మీదే తీర్చండి. 11 నెలలకు రాసుకోండి, ఇష్టమైతే పొడిగించుకోవచ్చు. యజమాని అడిగిన 30 రోజుల్లో ఖాళీ చేస్తామని రాయండి. ఏ కట్టడమూ కట్టం, గుడి గానీ గద్దె గానీ పెట్టం, బోరు వేయం, కరెంటు మీటరు తీసుకోం, ప్లాటు లోపల చెట్టు నాటం, గడ్డీ పూలమొక్కలే పెడతాం అని విడివిడిగా రాయండి. హద్దురాళ్లు కదపమని కూడా. పని మొదలుపెట్టేముందు నాలుగు మూలల హద్దురాళ్లు కనిపించేలా ఫొటోలు తీసి ఆయనకు పంపండి. సగం మంది ఆ ఫొటోలు చూశాకే మెత్తబడతారు. తన ప్లాటుకు ఊరికే కాపలా దొరికిందని అప్పుడు అర్థమవుతుంది మరి.

ఇక నేల. ఉదాహరణకు 30 అడుగులు, 60 అడుగుల ప్లాటు అనుకోండి. 200 గజాలు. పైనున్న కంకర, సిమెంటు పెళ్లలు ఎత్తకుండా దాని మీదే ఎర్రమట్టి పోయించడం మామూలుగా జరిగే తప్పు. సిమెంటు, సున్నం ఉన్న నేలలో క్షారగుణం పెరిగి మొక్కకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు మాత్రం పసుపు పచ్చగా మారితే అదే కారణం. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, మొక్క ఇంకా పాడవుతుంది. ఆ వ్యర్థాలను చెరువు గట్టున పారబోయకండి. జీడిమెట్ల, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాలను మళ్లీ వాడుకునేలా మార్చే కేంద్రాలున్నాయి, అక్కడికి పంపండి.

ఎత్తాక ఆరంగుళాల మందాన మట్టి కావాలి. 200 గజాలకు అది సుమారు 25 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రాలీకి 100 ఘనపుటడుగుల లెక్కన తొమ్మిది లోడ్లు. తొమ్మిది అని రాసుకోండి, ఎందుకంటే ఐదు లోడ్లతో సరిపెడతానని మేస్త్రీ అంటాడు. అతను చెప్పే మూడంగుళాల మట్టి మొదటి పెద్దవానకే కొట్టుకుపోతుంది. ప్లాటు వాలు రోడ్డు వైపు కాకుండా లోపలికి ఉంచండి. హైదరాబాద్‌లో ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ ఒక్క ప్లాటు మీదే అది లక్షా 30 వేల లీటర్లు దాటుతుంది. అది డ్రైనేజీలోకి పోతే కాలనీ దిగువన మోకాలి లోతు నీళ్లు. నేలలోకి ఇంకితే పక్కవాళ్ల బోర్లకు మేలు. అయితే పక్కింటి ప్రహరీకి నాలుగడుగుల దూరం వదిలి లోతట్టు చేయండి. గోడ పునాది నానితే మీ స్నేహం అక్కడితో సరి.

కంచె ఎత్తుగా కడతామంటారు చాలామంది. రేకులు పెట్టి మూసేస్తారు. అదే పెద్ద పొరపాటు. కంటికి కనిపించని చోటే సీసాలు చేరతాయి. కంచె పని మనుషుల్ని ఆపడం కాదు, బండిని ఆపడం. ట్రాక్టర్ వెనక్కి తిప్పి ట్రాలీ ఎత్తలేకపోతే చాలు. ఐదడుగుల రాతి కడీలు తీసుకుని రెండడుగులు నేలలో పాతండి, మూడడుగులు పైకి. ముప్పై అడుగుల ముఖానికి ఏడున్నర అడుగులకొకటి చొప్పున ఐదు కడీలు సరిపోతాయి. అడ్డంగా రెండు వరసలు సరుగుడు కర్రలు కట్టండి. ఒకచోట మూడడుగుల సందు వదలండి. మనిషి, చేతిబండి పడతాయి, ఆటో పట్టదు. ముళ్లతీగ వద్దు, పిల్లలు గీసుకుంటారు.

లోపల నేలకు గరిక. నర్సరీ వాళ్లు మెత్తటి లాన్ గడ్డి చూపిస్తారు, చూడ్డానికి బాగుంటుంది. ఎండాకాలంలో దానికి చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. మన 200 గజాలకు రోజుకు 700, 800 లీటర్లు. ఇళ్లలో ట్యాంకర్లు తెప్పించుకునే కాలనీలో ఆ పని చేస్తే తిట్లు తింటారు, తినాలి కూడా. గరిక మేలో ఎండినట్టుంటుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. ఎండనివ్వండి. నాలుగంగుళాలు దాటకుండా, వానాకాలంలో మూడు వారాలకోసారి కోయిస్తే చాలు.

వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పూసినదాన్ని కోసి అక్కడే పడేస్తే విత్తనం చల్లినట్టే. అది మళ్లీ రాకుండా తగిరిస విత్తనాలు చల్లే పద్ధతి ఒకటుంది. కొన్నిచోట్ల తంటెం అంటారు దాన్ని. తొలకరికి ముందు చల్లితే అది ముందుగా లేచి వయ్యారిభామకు చోటివ్వదు.

ప్లాటు ముందు రోడ్డు పక్కకు వద్దాం. నీడ కావాల్సింది అక్కడ. ముందు తలెత్తి చూడండి. పైన తీగలుంటే ఎదిగే చెట్టు పెట్టకండి. కరెంటు వాళ్లు వచ్చి ఒక పక్క నరికేస్తారు, చెట్టు ఒరిగిపోతుంది, గాలివానకు పడేది అదే. తీగల కింద దేవకాంచనం, పారిజాతం, నందివర్ధనం చాలు. తీగల్లేని వైపు కానుగ, పొగడ, గంగరావి, రేల. నేరేడు మంచిదే గానీ కార్లు ఆపే చోట వద్దు, పండ్లు రాలే రోజుల్లో గొడవలు. తురాయి త్వరగా ఎదుగుతుంది, అంతే త్వరగా కొమ్మ విరుగుతుంది. రావి, మర్రి ప్రహరీల దగ్గర వద్దు. ఏడాకుల పాల పూసినప్పుడు ఘాటు వాసనకు ఉబ్బసం ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు గురించి మీకు తెలిసే ఉంటుంది, వేర్లు పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. వేప పెట్టండి గానీ వీధంతా వేపే పెట్టకండి. ఈ మధ్య వేపలకు కొమ్మలు ఎండే తెగులు వచ్చిందే, ఒకే జాతి ఉన్న వీధి ఒక్కసారిగా బోడిదైనట్టు కనిపించింది.

మే నెలలోనే గుంతలు తవ్వి ఎండకు వదలండి. మన మొరం నేలలో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. మెత్తటి నేలైతే రెండడుగులు చాలు. గడ్డపారకు లొంగట్లేదని కూలీలు ఒకటిన్నర అడుగు దగ్గర ఆపుతారు. అది గుంత కాదు, కుండీ. వేరు అందులోనే చుట్టుకుంటుంది. టేపు పట్టుకుని కొలిచాకే డబ్బులివ్వండి. నింపడానికి రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, చెదలు రాకుండా గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలకు విందు.

రెండు మూడు మంచి వానలు పడి నేల తడిశాక, జూన్ చివర, జూలైలో నాటండి. మొక్క ఆరడుగులు ఉంటే పశువులకు అందదు. పాలిథిన్ సంచి బ్లేడుతో పూర్తిగా కోసి తీసేయండి. అడుగు చింపి పెట్టేయడం కాదు. రెండేళ్లకు ఎండిన మొక్కను పీకి చూడండి, కింద నల్ల సంచి అలాగే ఉంటుంది. చుట్టలు తిరిగిన వేర్లను కత్తెరతో కోయండి. సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టం. మొదలు కప్పేస్తే బెరడు కుళ్లుతుంది. అటొకటి, ఇటొకటి ఊతకర్రలు పాతి కొబ్బరి తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ఇనుప తీగ వద్దు. మూడడుగుల వెడల్పు పాదు చేసి ఎండుటాకులు మూడంగుళాలు పరవండి, మొదలుకు తగలకుండా.

ఇప్పుడు నీళ్ల లెక్క. ఇది చెప్పకుండా మొక్కలు పంచేవాళ్లను నమ్మకండి. నలభై మొక్కలు అనుకుందాం. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 వారాలు. మొక్కకు తడవకు 20 లీటర్లు, వారానికి రెండు తడవలు. వారానికి 1,600, మొత్తం 32 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. పైపుతో మొక్కకు ఐదు నిమిషాలు వేసుకున్నా తడవకు మూడు గంటలు దాటుతుంది. రెండో ఎండాకాలం కూడా ఇంతే. మూడో ఏడు పది రోజులకోసారి చాలు. రోజూ ఒక మగ్గు పోయడం కంటే వారానికి రెండుసార్లు నిండా పోయడం మేలు. మగ్గు నీళ్లకు వేరు పైకే వస్తుంది.

ఈ మనిషి కూలి, ఈ ఏడు ట్యాంకర్లు మీ సంఘం పుస్తకంలో పద్దుగా లేకపోతే నలభై నాటకండి, పది నాటండి. మొక్కలు కొనక్కర్లేదు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పదో వంతు హరిత బడ్జెట్‌గా పెట్టమంటోంది. మొక్కలు, ట్రీగార్డులు మున్సిపాలిటీని అడిగి తీసుకోండి. మీ డబ్బు నీళ్లకూ మాలికీ దాచుకోండి. మనవాళ్లు సరిగ్గా తలకిందులు చేస్తారు.

నాటాక మొక్కల్ని చంపేవి మీరనుకునేవి కావు. మేకలకు కంచె ఉంది. గడ్డి కోసే మిషను, బ్రష్ కట్టర్‌కు లేదు. మాలి మొదలు దగ్గర గడ్డి కోస్తూ బెరడు చుట్టూ గీసేస్తాడు. నెల తర్వాత చెట్టు ఎండుతుంది, కారణం ఎవరికీ తెలియదు. పాదులో చేత్తోనే కోయమని చెప్పండి. తర్వాతిది ట్రీగార్డు. మూడో ఏడు దాన్ని తీసేయాలి, లేకపోతే ఇనుము బెరడులోకి దిగుతుంది. ఆ తర్వాత కాంక్రీటు. రోడ్డు వేసే కాంట్రాక్టరు చెట్టు మొదలు దాకా పోసేస్తాడు. ఢిల్లీలో 2013లో పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ మీటరు దూరం కాంక్రీటు లేకుండా చూడమంది. మీ వీధిలో పని మొదలైన రోజే సంఘం మనిషి నిలబడి ఆ మీటరు సుద్దతో గీయాలి. కాంక్రీటు గట్టిపడ్డాక పగలగొట్టించడం ఎవరి వల్లా కాదు.

ఇంకొక్క మాట, కొందరికి నచ్చకపోవచ్చు. సంఘాల్లో సభ్యులు ఇళ్ల యజమానులు. ఆ జాగాను వాడేది మాత్రం అద్దెకున్నవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు, పిల్లలు. వాళ్లను అడక్కుండా గీసిన ప్లాన్‌లో నడకదారి ఎప్పుడూ తప్పు చోటే ఉంటుంది. మనుషులు ఇప్పటికే అడ్డంగా తొక్కి చేసిన దారిని చూసి, అక్కడే సందు వదలండి.

ప్రశ్న: యజమాని అమెరికాలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. ఏం చేయాలి?

సగం ప్లాట్లు అలాంటివే కదండీ. ఇక్కడ పన్ను కట్టే బంధువు గానీ, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారు గానీ ఉంటారు, వాళ్ల ద్వారా వెళ్లండి. వాట్సాప్‌లో ‘సరే’ అన్నది చాలదు, సంతకంతో మెయిల్ తీసుకోండి. ఒప్పుకోకపోతే ప్లాటు ముట్టుకోవద్దు. దాని ముందున్న రోడ్డు అంచు మున్సిపాలిటీది. అనుమతి తీసుకుని అక్కడే కడీలు పాతి, ఒక వరస పూలమొక్కలు పెట్టండి. బండి లోపలికి పోకపోతే సగం పని అయినట్టే.

ప్రశ్న: గడ్డి పెడితే పాములొస్తాయని మా వాళ్లు అంటున్నారు.

పాము ఎలుక కోసం వస్తుంది, ఎలుక చెత్త కోసం, కంకర కుప్పల కోసం వస్తుంది. ఇప్పుడున్న ప్లాటులోనే అవి ఉన్నాయి. నాలుగంగుళాల గడ్డిలో పాము దాక్కోవడం కష్టం. అయితే కుప్పలు ఎత్తే రోజు జాగ్రత్త. చేతులతో ఎత్తకండి, పార, బూట్లు తప్పనిసరి, పగటి పూటే చేయించండి. పామును చూస్తే పని ఆపి పట్టేవాళ్లను పిలవండి.

ప్రశ్న: మేం మొత్తం 14 ప్లాట్లు గుర్తించాం. అన్నీ ఈ వానాకాలానికే చేద్దామని...

రెండు చేయండి. బస్టాపు దారిలో ఉన్నదొకటి, బడి దారిలో ఉన్నదొకటి. వచ్చే జూన్‌కి ఆ రెండింటి పద్దు పుస్తకం చూసుకుని, గడ్డి ఎన్నిసార్లు కోయించారో లెక్కపెట్టుకుని మూడోదాని సంగతి మాట్లాడుకోండి.